వాన వెలిశాక మొరాయించే ప్యానెల్: సొంతంగా కట్టుకున్న విమానంలో నీరు చేరే దారి

సమస్య ఎలా కనిపిస్తుంది

రాత్రంతా వానలో నిలిపి ఉంచిన విమానంలో మర్నాడు మాస్టర్ స్విచ్ వేయగానే పైలట్ ముందున్న పరికరాల ప్యానెల్‌లో డిస్‌ప్లే ఆరిపోయి మళ్లీ మొదలవుతుంది, రేడియోలో గరగర వస్తుంది, విమానాన్ని సమంగా నిలిపే చిన్న పలకను కదిపే ట్రిమ్ మోటారు ఎవరూ నొక్కకుండానే కదులుతుంది. రెండు గంటలు ఎండ తగిలితే అన్నీ సవ్యంగా పనిచేస్తాయి. వానకు తిరగబెట్టి ఎండకు సర్దుకునే లోపం కనిపిస్తే ముందుగా నీటినే అనుమానించాలి. నేలమీద బాగానే ఉండి, రన్‌వేపై వేగం అందుకున్నప్పుడే లోపం బయటపడితే, అడుగున నిలిచిన నీరు వెనక్కు పారి ఏదో కనెక్టర్‌ను తడుపుతున్నదేమో చూడాలి.

ముందు చేయవలసిన పరీక్ష

చాలామంది ఈ పరీక్షను వదిలేసి, డిస్‌ప్లే పెట్టెనో రేడియో పెట్టెనో విప్పి మరమ్మతుకు పంపుతారు. అది అక్కడ పొడిగా ఉంటుంది కనుక ఏ లోపమూ లేదని తిరిగి వస్తుంది. దయచేసి బ్యాటరీ తీగ విప్పి, ఒకరు టార్చితో లోపల కూర్చోండి, మరొకరు బయటినుంచి గొట్టంతో సన్నని ధార పోయండి. ధారను కింది అతుకుల దగ్గర మొదలుపెట్టి, ఒక్కోచోట అయిదు నిమిషాలు ఆగుతూ పైకి తీసుకెళ్లాలి. పైనుంచి మొదలుపెడితే అన్ని అతుకులూ ఒకేసారి తడిసి, ఏది కారిందో తెలియదు. అడుగున నీరు పోయే రంధ్రాలు మూసుకుపోయాయేమో కూడా అప్పుడే పుల్లతో పొడిచి చూడండి.

అసలు దొంగ: తీగ వెంట నడిచే నీరు

నన్ను ఎక్కువకాలం తిప్పలు పెట్టిన కారణం ఇదే. కెనోపీ (కాక్‌పిట్‌పై ఉండే పారదర్శకమైన మూత) ముందు అంచుకు కొత్త సీలు వేశాను, డిస్‌ప్లే పైన ప్లాస్టిక్ రేకు కప్పాను, అయినా లోపం పోలేదు. చివరికి డిస్‌ప్లే వెనుక కనెక్టర్ విప్పితే, దాని తొడుగు పైభాగం పొడిగా ఉంది, లోపల రెండు పిన్నుల మధ్య మాత్రం ఒక నీటిబొట్టు మెరుస్తూ కనిపించింది, ఆ పిన్నుల మొదళ్లలో ఆకుపచ్చని పొడి పట్టింది. నీరు పెట్టెమీద పడనేలేదు. మూరెడు దూరంలో, కెనోపీ కీలు దగ్గర, తీగల కట్టమీద పడి, తీగకూ తీగకూ మధ్యనున్న సందులను పట్టుకుని, కట్ట వాలిన వైపుగా నేరుగా కనెక్టర్‌లోకి దిగింది. ఇన్సులేషన్ ఎక్కడైనా చిట్లి ఉంటే, పోగుల మధ్యగా తీగ లోపలినుంచి కూడా నీరు ఇలాగే పాకుతుంది. అందుకే కారేచోటు ఒకటి, లోపం కనిపించేచోటు మరొకటి అవుతుంది.

దీనికి పెట్టెను సీలు చేయడం పరిష్కారం కాదు, లోపలికి వచ్చిన నీరు బయటకు పోయే దారి కూడా మూసుకుపోతుంది. కనెక్టర్‌లోకి వెళ్లేముందు తీగల కట్టను కనెక్టర్ మట్టానికి దిగువగా ఊయలలా వేలాడదీసి, మళ్లీ పైకి తేవాలి. దీన్నే డ్రిప్ లూప్ అంటారు. నీరు ఆ వంపు అడుగునే బొట్టుబొట్టుగా రాలిపోతుంది. కట్టకు స్లీవ్ తొడిగి ఉంటే వంపు అడుగున చిన్న రంధ్రం చేయండి, లేకపోతే స్లీవే గొట్టమై నీటిని మోసుకొస్తుంది. వేలాడే కట్ట కంట్రోల్ స్టిక్‌కు గాని, రడ్డర్ పెడళ్లకు గాని ఏ కదలికలోనూ తగలకూడదు. వాటిని చివరివరకూ కదిపి చూసుకున్నాకే కట్టను బిగించండి.

తడిసిన పిన్నులను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో, మెత్తని బ్రష్‌తో శుభ్రం చేసి, పూర్తిగా ఆరాకే కరెంటు ఇవ్వాలి. గుంతలు పడిన పిన్నును మార్చండి. తీగ లోపల రాగి నల్లబడి ఉంటే, మెరిసే రాగి కనిపించేవరకు కత్తిరించండి. వెనిగర్ వాసన వచ్చే సిలికోన్‌ను కనెక్టర్ల దగ్గరకు రానివ్వకండి, ఆరేటప్పుడు అది వదిలే ఎసిటిక్ ఆమ్లం రాగిని తినేస్తుంది.

మిగిలినవి

రేడియోను చల్లబరచడానికి బయటిగాలి గొట్టం పెట్టి ఉంటే అది వాననూ లోపలికి ఊదుతుంది. దాన్ని తీసేసి చిన్న ఫ్యాన్ పెట్టండి. యాంటెన్నా అడుగు సీలు పాతబడితే మార్చండి. చల్లబడిన పరికరాలమీద గాలిలోని తేమ నీటిబొట్లుగా పట్టడం, పెట్టె సొంత గాస్కెట్ పాడవడం అరుదు, వాటిని చివర చూసుకోవచ్చు.

తోకచక్రం ఉన్న విమానమైతే ఇంకొక్కటి గమనించండి. నిలిపినప్పుడు దాని ముక్కు పైకి ఉంటుంది కనుక, ఫైర్‌వాల్ (ఇంజన్‌కూ కాక్‌పిట్‌కూ మధ్య గోడ) నుంచి ప్యానెల్‌కు వచ్చే కట్ట కనెక్టర్ వైపే వాలుతుంది; ఎగిరేటప్పుడు ఆ వాలు తగ్గిపోతుంది లేదా తిరగబడుతుంది. అందువల్ల వంపు కట్టాక, తోక కిందికి ఉన్నప్పుడు ఒకసారి, దాన్ని ఎత్తి స్టాండుమీద నిలిపి మరొకసారి నీళ్ల పరీక్ష చేసి, రెండుసార్లూ బొట్టు ఆ వంపు అడుగునే రాలుతున్నదని కళ్లారా చూడాలి.