నెల్లూరు, ఒంగోలు నుంచి స్కూబా డైవింగ్‌కు వెళ్లేవారు: ఎంత లోతు దిగవచ్చో లెక్క వేసుకోవడం ఎలా?

సముద్రం పక్కనే పుట్టి పెరిగినా, డైవింగ్ కోసం మాత్రం మనం ఊరు దాటాల్సిందే. మైపాడు దగ్గరైనా, కొత్తపట్నం దగ్గరైనా అడుగున ఉండేది ఇసుక, ఒండ్రు. నీరు మసకగా ఉంటుంది, దిగినా కనబడేది తక్కువ. అందుకే ఇక్కడివాళ్లు పుదుచ్చేరికో, విశాఖకో, అండమాన్‌కో బయలుదేరతారు. ఇంట్లో పెద్దవాళ్లు అడిగే మొదటి ప్రశ్న ఒకటే: "ఎంత లోతుకు దిగుతావు నాయనా?" దీనికి జవాబు పడవ ఎక్కాక వెతుక్కోనక్కరలేదు. కాగితం, పెన్సిలు ఉంటే ఇంట్లోనే తేల్చుకోవచ్చు.

1. ముందు మీ అర్హత చూసుకోండి

కోర్సు చేయకుండా శిక్షకుడి వెంట దిగే పరిచయ డైవ్‌కు హద్దు 12 మీటర్లు. ప్యాడీ, ఎస్ఎస్ఐ వంటి సంస్థల ఓపెన్ వాటర్ కోర్సు పూర్తిచేసిన పెద్దలకు 18 మీటర్లు, అడ్వాన్స్‌డ్ స్థాయికి 30, డీప్ డైవింగ్‌లో ప్రత్యేక శిక్షణ పొందినవారికి 40. వినోదం కోసం చేసే డైవింగ్ అక్కడితో ఆగిపోతుంది. పదేళ్లు, పదకొండేళ్ల పిల్లలకు కోర్సు చేసినా 12 మీటర్లే. మన మత్స్యకారులు వాడే బారల్లో చెప్పుకుంటే, బారకు ఆరడుగుల చొప్పున 18 మీటర్లంటే పది బారలు, 40 మీటర్లంటే ఇరవై రెండు.

2. గాలి ఎంతసేపు వస్తుందో లెక్క కట్టండి

సముద్ర మట్టం వద్ద మన మీద ఉండే పీడనం ఒక వాతావరణం. ప్రతి 10 మీటర్లకు మరొకటి కలుస్తుంది. 10 మీటర్ల దగ్గర రెండు, 30 దగ్గర నాలుగు, 40 దగ్గర అయిదు. అంటే 30 మీటర్ల లోతులో ఒక్క శ్వాసకు ఒడ్డున పీల్చే దానికి నాలుగింతల గాలి ఖర్చవుతుంది.

ఒక అల్యూమినియం సిలిండర్ పరిమాణం సుమారు 11 లీటర్లు అనుకోండి. 200 బార్ (ఒక బార్ అంటే దాదాపు ఒక వాతావరణ పీడనం) వరకు నింపితే అందులో 2,200 లీటర్ల గాలి ఉంటుంది. చివరి 50 బార్ ముట్టుకోకూడదు కాబట్టి 550 తీసేయండి. మిగిలింది 1,650. ఒడ్డున నిమిషానికి 20 లీటర్లు పీల్చే మనిషికి అది 10 మీటర్ల దగ్గర 41 నిమిషాలు, 20 దగ్గర 27, 30 దగ్గర 20, 40 దగ్గర 16 నిమిషాలు వస్తుంది. దిగడానికి, పైకి రావడానికి పట్టే సమయం కూడా ఇందులోనే. కొత్తవాళ్లు కంగారులో ఎక్కువ పీలుస్తారు. నిమిషానికి 25 లీటర్లని వేసుకుంటే 30 మీటర్ల దగ్గర మిగిలేది 16 నిమిషాలే.

3. పక్కనే నైట్రోజన్ లెక్క రాయండి

అసలు సంగతి ఇక్కడుంది. మనం పీల్చే గాలిలో 78 శాతం నైట్రోజన్. లోతులో పీడనానికి అది రక్తంలో, కండరాల్లో కరిగిపోతుంది. తొందరపడి పైకి వస్తే, గోలీ సోడా కొట్టినప్పటి మాదిరిగా బుడగలై బయటపడుతుంది. ఆ బుడగల వల్లే కీళ్ల నొప్పులు, తిమ్మిర్లు, ఒక్కోసారి పక్షవాతం. మధ్యలో తప్పనిసరిగా ఆగాల్సిన అవసరం లేకుండా నేరుగా పైకి రాగలిగే గడువు ప్రతి లోతుకూ ఉంటుంది. ప్యాడీ పట్టికలో మొదటి డైవ్‌కు 18 మీటర్ల దగ్గర అది 56 నిమిషాలు, 30 దగ్గర 20, 40 దగ్గర 9.

ఇప్పుడు రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టి చూడండి. 18 మీటర్ల దగ్గర గడువు కన్నా ముందు గాలి అయిపోతుంది. గాలి మీటరు చూసి పైకి వచ్చేస్తారు, బాధ లేదు. 30 దగ్గర రెండూ ఇరవై నిమిషాలకు అటూ ఇటూగా కలుస్తాయి. 40 దగ్గర మాత్రం సిలిండర్‌లో గాలి ఇంకా ఉండగానే గడువు దాటిపోతుంది. గాలి మీటరును మాత్రమే నమ్ముకున్నవాడు మునిగేది అక్కడే. అందుకే 30 దాటాలంటే వేరే శిక్షణ అడుగుతారు. డైవ్ కంప్యూటర్ (లోతు, సమయం, మిగిలిన గడువు చూపే పరికరం) లేకుండా అంత లోతు దిగమనే శిక్షకుడు దొరికితే డబ్బు వెనక్కి అడగండి.

నలభై దాటితే మనిషి బతకడా? బతుకుతాడు. ఈజిప్టుకు చెందిన అహ్మద్ గబ్ర్ 2014లో ఎర్ర సముద్రంలో 332.35 మీటర్లు దిగాడు. దిగడానికి పావుగంట పడితే, ఆగుతూ ఆగుతూ పైకి రావడానికి 13 గంటలకు పైగా పట్టింది. సెలవులకు వెళ్లినవాళ్ల పని కాదది.

4. తలకు ఎక్కే మత్తును తక్కువ అంచనా వేయకండి

30 మీటర్ల ప్రాంతం నుంచి నైట్రోజన్ మత్తు తెలుస్తుంది. చిన్న కూడిక కూడా ఆలస్యమవుతుంది, అకారణంగా నవ్వు వస్తుంది, కొందరికి భయం పుడుతుంది. కొన్ని మీటర్లు పైకి వస్తే తగ్గిపోతుంది. "నాకసలు మత్తే రాదు" అనేవాడికి వచ్చిన మత్తు తెలియలేదని నా అనుమానం.

5. ఆ లోతుకు ఎందుకో చెప్పుకోండి

ఎరుపు రంగు మొదటి కొన్ని మీటర్లలోనే మాయమవుతుంది. 30 దగ్గర టార్చి లేకపోతే అంతా నీలం, బూడిద రంగే. రంగురంగుల పగడాలు, చేపల గుంపులు ఎండ బాగా తగిలే పై నీటిలోనే ఎక్కువ. మునిగిన ఓడ చూడాలనో, నిటారు రాతి గోడ వెంట దిగాలనో ఉంటే లోతుకు అర్థముంది. ఊరికే అంకె చెప్పుకోవడానికైతే 15 మీటర్ల దగ్గర హాయిగా అరగంట తిరగడానికి ప్రయత్నించడం మేలు.

6. దిగేటప్పుడు చెవులు, వచ్చేటప్పుడు ఊపిరి

చెవుల్లోని గాలి పరిమాణం ఎక్కువగా మారేది మొదటి 10 మీటర్లలోనే. అక్కడ సగమైపోతుంది. కాబట్టి నొప్పి కోసం ఆగకుండా మొదటి మీటరు నుంచే ముక్కు మూసి చెవుల్లోకి గాలి ఊదుతూ దిగండి. జలుబు ఉంటే ఆ రోజు డైవ్ మానేయండి. ఎక్కడా ఊపిరి బిగపట్టకూడదు. పైకి నిమిషానికి 9 మీటర్లకు మించకుండా వచ్చి, గడువు దాటకపోయినా ముందుజాగ్రత్తగా 5 మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగాలి.

7. తిరుగు ప్రయాణం

ఎత్తుకు వెళ్తే పీడనం తగ్గి, ఒంట్లో మిగిలిన నైట్రోజన్ బుడగలు కట్టవచ్చు. అందుకే ఒక్క డైవ్ అయితే విమానానికి ముందు కనీసం 12 గంటలు, అంతకు మించి చేస్తే 18 గంటలు విరామం ఉండాలి. పోర్ట్ బ్లెయిర్ (ఇప్పటి శ్రీ విజయపురం) నుంచి చెన్నైకి టికెట్ తీసేటప్పుడే దీన్ని చూసుకోండి. చెన్నై నుంచి నెల్లూరు రైలుకు ఏ ఇబ్బందీ లేదు. కర్ణాటకలో మురుడేశ్వర్ దగ్గరున్న నేత్రాణి దీవికి వెళ్లి కారులో వచ్చేవాళ్లు మాత్రం కనుమలు ఎక్కి, 900 మీటర్ల ఎత్తున్న బెంగళూరు మీదుగా రావాలి. వాళ్లూ ఆ రాత్రి మురుడేశ్వర్‌లోనే పడుకుని మరునాడు బయలుదేరాలి.