టూల్ మారినా పాత పని పాడవకుండా

వెబ్ యానిమేషన్లను నడిపించిన ఫ్లాష్ ప్లేయర్‌కి 2020 డిసెంబర్ 31తో అడోబీ కంపెనీ సపోర్ట్ ఆగిపోయింది. 2023 జనవరిలో టైప్ 1 అనే పాతకాలపు ఫార్మాట్ ఫాంట్ల వంతు వచ్చింది. డిజైనర్ చేతిలోని టూల్ ఎప్పుడో ఒకప్పుడు మారేదే. చిక్కల్లా డెడ్‌లైన్ నెత్తిమీదున్నప్పుడు మారాల్సి రావడమే. అందుకే పని తక్కువున్న వారంలో మొదలుపెట్టండి.

ముందు పాత ఫైళ్లు. మళ్లీ అవసరపడతాయనుకున్నవి మాత్రమే తీసి, అసలు ఫైలుతో పాటు పీడీఎఫ్, లోగోలైతే ఎంత పెద్దది చేసినా చెదరని ఎస్‌వీజీ కూడా దాచండి. పేజీలు కట్టే ఇన్‌డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో ‘ప్యాకేజ్’ కొడితే లింక్ చేసిన ఫొటోలు, ఫాంట్లు ఒకే ఫోల్డర్‌లోకి వస్తాయి. ‘అడోబీ ఫాంట్స్’ అనే ఆన్‌లైన్ సర్వీస్ నుంచి తీసుకున్నవి మాత్రం రావు, వాటి పేర్లు రాసిపెట్టుకోండి. అక్షరాలను అవుట్‌లైన్లుగా, అంటే టైప్ చేసి దిద్దలేని బొమ్మలుగా మార్చేది విడి కాపీలోనే. అసలు ఫైల్లో మార్చి సేవ్ చేశారా, రేపు ఫోన్ నంబర్‌లో ఒక్క అంకె మార్చాలన్నా ఆ లైన్ మళ్లీ టైప్ చేసుకోవాల్సిందే.

ఇక నేర్చుకోవడం. ట్యుటోరియల్స్ వరసపెట్టి చూస్తే చెయ్యి తిరగదు. ఎప్పుడో డెలివరీ అయిపోయిన ఒక పోస్టర్ తీసుకుని కొత్త టూల్‌లో మొదటి నుంచీ కట్టండి. పాతదీ కొత్తదీ ఒకే సైజు పీఎన్‌జీలుగా ఎక్స్‌పోర్ట్ చేసి, ఒకదాని మీద ఒకటి పెట్టి, పై లేయర్‌కి ‘డిఫరెన్స్’ బ్లెండ్ మోడ్ (కింది లేయర్‌తో కలిసే తీరు) ఇవ్వండి. సరిపోయిన చోటల్లా నల్లగా ఉంటుంది, తేడా ఉన్నచోట వెలుగు కనిపిస్తుంది. అక్షరాల అంచుల్లో సన్నటి గీతలొస్తే పట్టించుకోకండి. లైన్ మొత్తం రెండుగా కనిపిస్తే మాత్రం లైన్ స్పేసింగ్ చూడండి. దాన్ని ఒక్కో టూల్ ఒక్కోలా లెక్కిస్తుంది, పేరాగ్రాఫులు జారేది అందుకే.

రంగుల దగ్గర ఇంకా జాగ్రత్త. స్క్రీన్ డిజైన్ కోసం పుట్టిన టూల్స్ చాలావరకు ఆర్‌జీబీలోనే, అంటే స్క్రీన్ వెలుగు రంగుల్లోనే పనిచేస్తాయి. అక్కడ మెరిసిపోయిన ఆకుపచ్చ సీఎంవైకే (నాలుగు సిరాల) ప్రింట్‌లో వాడిపోయి వస్తుంది. ప్రింట్ పనులను పాత టూల్‌లోనే ఉంచడం తప్పేం కాదు.

కొత్త టూల్‌కి పాత షార్ట్‌కట్లు సెట్ చేసుకోకపోవడమే మేలు. వాటికే అలవాటు పడితే, అవి లేని వేరే సిస్టమ్ ముందు కూర్చున్న రోజున చేతులు కట్టేసినట్టుంటుంది.

మొదటి అసలు పనిగా చిన్నదే ఎంచుకోండి. అది కరెక్షన్లన్నీ దాటి డెలివరీ అయ్యేదాకా పాత సబ్‌స్క్రిప్షన్ ఆపొద్దు.