స్క్వాట్‌లో ఒక పక్కకు ఒరుగుతున్నారా? ఆ కాలు వీక్ అని తేల్చేసే ముందు ఇవి చూడండి

స్క్వాట్ అంటే బార్‌ను వీపు పైభాగాన మోస్తూ మోకాళ్లు వంచి కిందికి దిగి లేవడం. అందులో బార్ మీద ప్లేట్లు పెరిగేకొద్దీ తుంటి ఒక పక్కకు జరుగుతుంది, ఒక తొడే మండుతుంది, మర్నాడు ఒక పిరుదే పట్టేసి ఉంటుంది. అప్పుడు చాలామంది ఆ నొప్పి పుట్టిన కాలే వీక్ అనుకుంటారు. నేనూ అలాగే అనుకుని నెలల తరబడి ఎడమ కాలికి విడిగా ఎక్స్‌ట్రా సెట్లు చేశాను. చివరికి తేలిందేమిటంటే, ఎప్పుడో బెణికిన కుడి చీలమండ సరిగా వంగడం లేదు, అందుకని ఒళ్లు దాన్ని తప్పించుకుని ఎడమ కాలి మీదకు పోతోంది. అంటే మండేది బలహీనమైన కాలు కాదు, రెండో కాలి పని కూడా మోస్తున్న కాలు. శరీరం సాధారణంగా తాను నమ్మే కాలి వైపే ఒరుగుతుంది, ఈ ఒక్క మాట ముందే తెలిసుంటే నాకు బోలెడు టైమ్ మిగిలేది.

కాబట్టి ముందు వీడియో తీయండి. ఫోన్ మీ వెనకాల, సరిగ్గా మధ్యలో, తుంటి ఎత్తులో ఉండాలి. ఖాళీ బార్‌తో ఒక సెట్, మీరు మామూలుగా చేసే బరువుతో ఇంకో సెట్. అద్దంలో చూసుకుంటూ చేస్తే మెడ తిరిగి అసలు ఫామే మారిపోతుంది, దాన్ని నమ్మకండి.

ఖాళీ బార్‌తో కూడా ఒరుగుతున్నారు

అయితే చాలావరకు ఇది బలం సమస్య కాదు. ముందు చిన్న విషయాలు చూడండి. బార్‌ను ఆనించి పెట్టే రాక్ నుంచి వెనక్కి అడుగేసినప్పుడు ఒక పాదం అంగుళం వెనకే ఉండిపోతోందా, బార్ వీపు మీద మధ్యలో కూర్చుందా, రెండు చేతులూ బార్ మీది గరుకు భాగం అంచుల నుంచి ఒకే దూరంలో ఉన్నాయా, రెండు వైపులా ఒకే ప్లేట్లు ఉన్నాయా. పాదాల తేడా ఒక్కటే సరిచేసుకుంటే ఒరగడం ఆగిపోయినవాళ్లు ఉన్నారు.

అవన్నీ సరిగ్గానే ఉంటే చీలమండ చూడాలి. గోడకు ఎదురుగా నిలబడి ఒక పాదం ముందుకు పెట్టి, మడమ లేవకుండా మోకాలితో గోడను తాకండి. తాకగలిగితే పాదాన్ని కొంచెం వెనక్కి జరిపి మళ్లీ ప్రయత్నించండి. మడమ లేవకుండా తాకగలిగిన ఆఖరి చోట బొటనవేలికీ గోడకూ మధ్య దూరం కొలవండి. పది సెంటీమీటర్లు, ఆ చుట్టుపక్కల ఉంటే బాగున్నట్టే, కానీ అసలు చూడాల్సింది రెండు కాళ్ల మధ్య తేడా. రెండు సెంటీమీటర్లు దాటిందంటే స్క్వాట్ అడుగున మీరు ఒరగడానికి అదే కారణం కావచ్చు. బిగిసిన వైపు ఇదే కదలికను రోజూ 15 సార్ల చొప్పున రెండు సెట్లు చేయండి, మెట్టు అంచున నిలబడి మడమను నిదానంగా కిందికి దించే పిక్కల వ్యాయామం కూడా కలపండి. ఇది వారంలో మారేది కాదు. ఈలోగా రెండు మడమల కిందా ఒకే ఎత్తు పెట్టుకుని స్క్వాట్ చేయవచ్చు, కానీ ఒక్క మడమ కిందే ఎత్తు పెట్టే పని మాత్రం సొంతంగా చేయకండి.

చీలమండలూ సమానంగానే ఉంటే తుంటి కీలు సంగతి. తుంటి ఎముకల ఆకారం మనిషి మనిషికే కాదు, ఒకే మనిషిలో రెండు పక్కలా కూడా కాస్త తేడాగా ఉండొచ్చు. ఒక పాదాన్ని కొంచెం ఎక్కువ బయటికి తిప్పితే హాయిగా దిగగలుగుతున్నారంటే అలాగే చేయండి. చూడ్డానికి రెండు పాదాలూ ఒకేలా ఉండాలని కీలును బలవంతపెట్టడం నాకైతే తప్పనే అనిపిస్తుంది.

బరువు పెరిగితేనే, లేదా చివరి రెప్స్‌లోనే ఒరుగుతున్నారు

సెట్‌లో ఒకసారి దిగి లేస్తే అది ఒక రెప్. బరువు పెరిగితేనో చివరి రెప్స్‌లోనో మాత్రమే ఒరుగుతుంటే, ఇది బలం తేడా అయ్యే అవకాశం ఎక్కువ. అలసట లేని రోజు, వెనక పాదం బెంచ్ మీద పెట్టి చేసే స్ప్లిట్ స్క్వాట్ ఒకే డంబెల్స్‌తో రెండు కాళ్లతోనూ చేసి రెప్స్ లెక్కపెట్టండి, మధ్యలో బాగా విశ్రాంతి తీసుకోండి. ఒక వైపు 12, ఇంకో వైపు 10 వస్తే టెన్షన్ పడక్కర్లేదు, ఆ మాత్రం తేడా దాదాపు అందరికీ ఉంటుంది. 12కి 7 వస్తే మాత్రం పని పెట్టుకోవాలి.

వారానికి రెండుసార్లు ఒంటికాలి వ్యాయామం చేయండి, ఎప్పుడూ బలహీనమైన కాలితోనే మొదలుపెట్టండి. అది 8 చేస్తే బలమైన కాలూ 8 దగ్గరే ఆగాలి, ఇంకో 4 చేయగలిగినా సరే. చివర్లో బలహీనమైన కాలికి ఒక్క సెట్ అదనంగా చాలు. బలమైన కాలు తగ్గిపోతుందేమో అన్న భయం వద్దు, స్క్వాట్ ఎలాగూ చేస్తూనే ఉంటారు కదా. అయితే ఆ స్క్వాట్ బరువును 70 శాతానికి దించి, అడుగున రెండు సెకన్లు ఆగి లేవండి, ఎందుకంటే జనం ఒరిగేది ఎక్కువగా అడుగు నుంచి లేచే ఆ మొదటి క్షణంలోనే. ఒక రెప్‌లో ఒరిగారా, ఆ సెట్ అక్కడితో ఆపేయండి. మనసుకు కష్టంగా ఉంటుంది, తెలుసు. కానీ ఒరుగుతూ చేసే ప్రతి రెప్ ఆ ఒరుగుడునే ప్రాక్టీస్ చేయిస్తుంది. ఆరు నుంచి ఎనిమిది వారాలు ఇలా నడిపి, మళ్లీ అదే పరీక్ష చేసి చూడండి.

ఒక మోకాలు లోపలికి పోతోంది

బొటనవేలి మొదలు, చిటికెన వేలి మొదలు, మడమ, ఈ మూడూ నేలకు అంటి ఉన్నాయా చూడండి. ఆ తర్వాత తుంటి పక్క కండరానికి పని పెట్టాలి. చిన్న మెట్టు మీద ఒంటికాలితో నిలబడి, మూడు సెకన్లలో రెండో మడమను నేలకు తాకించి లేవండి, మోకాలు పాదం మధ్య వేళ్ల వైపే ఉండాలి.

డెడ్‌లిఫ్ట్‌లో బార్ ఒక పక్క ముందుగా లేస్తోంది

డెడ్‌లిఫ్ట్ అంటే నేల మీది బార్‌ను పట్టుకుని పైకెత్తి నిలబడడం. అందులో ఒక అరచేయి ముందుకు, ఒకటి వెనక్కి పెట్టి పట్టుకుంటున్నారా? అయితే కాళ్లను అనుమానించే ముందు చేతులు మార్చి చూడండి. ఒరుగుడు కూడా పక్క మారితే అది పట్టు వల్లే. స్ట్రాప్స్, అంటే మణికట్టుకు కట్టి బార్‌కు చుట్టే పట్టీలు వాడి రెండు చేతులూ ఒకేలా పట్టుకోండి.

వ్యాయామంతో సరిచేయకూడనివి

ఒక కాలు ఉన్నట్టుండి బలం కోల్పోయినా, తొడో పిక్కో కళ్లకు కనిపించేంత సన్నబడినా, పాదం ఈడ్చుకుపోతున్నా, నడుము నుంచి కాలిలోకి తిమ్మిరి పాకుతున్నా బరువులు పక్కనపెట్టి డాక్టర్ దగ్గరకు వెళ్లండి. తొడల మధ్య స్పర్శ తగ్గడం, మూత్రం మీద అదుపు పోవడం కనిపిస్తే తెల్లారేదాకా కూడా ఆగకండి, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. మోకాలి ఆపరేషన్ అయినవాళ్ల సంగతి వేరు. ఆ తొడ కండరం చాలా కాలం వెనకబడే ఉంటుంది, కాబట్టి బరువు ఎప్పుడు పెంచాలో మీ ఫిజియోథెరపిస్ట్‌నే అడగండి.