కాలిన అడవిని ఎలా చూడాలి

కార్చిచ్చు దాటిపోయిన అడవిలో అడుగుపెడితే ఎటు చూసినా నలుపే, ఇక్కడ ఇంకేమీ మిగల్లేదనే అనిపిస్తుంది. కాస్త ఆగి చూడండి. ముందు తల పైకెత్తండి, వేర్లు కాలిపోయిన మోడు గాలి లేకపోయినా కూలిపోతుంది కాబట్టి దాని కింద నిలబడొద్దు. నేల కుంగినట్టున్న చోట కాలు పెట్టొద్దు, లోపల వేరు ఇంకా రగులుతూ ఉండొచ్చు.

తర్వాత కింద కూర్చుని చిన్న పుల్లతో బూడిద పక్కకి తీయండి. సన్నటి వేర్లు అలాగే ఉంటే మంట పైపైనే పాకి వెళ్లిపోయిందని అర్థం, మట్టిలో కొన్ని సెంటీమీటర్ల లోతుకే వేడి బాగా తగ్గిపోతుంది. మట్టి ఇటుకలా ఎర్రబడితే మాత్రం అక్కడ ఏదో దుంగ చాలాసేపు కాలిందన్నమాట, ఆ చోట కోలుకోవడం ఆలస్యమవుతుంది.

పైన్ చెట్లుంటే వాటి కాయల్ని తప్పకుండా చూడండి, నాకైతే అన్నిటికంటే ఆశ్చర్యం అక్కడే. ఉత్తర అమెరికాలో పెరిగే లాడ్జ్‌పోల్ పైన్ అనే రకంలో చాలా చెట్ల కాయలు బంకతో గట్టిగా మూసుకుని ఏళ్ల తరబడి కొమ్మకే ఉండిపోతాయి, మంట వేడికి ఆ బంక కరిగాక పొలుసులు విచ్చుకుంటాయి, అప్పుడు రాలిన గింజకి చెత్త కాలిపోయిన శుభ్రమైన మట్టి, నేరుగా పడే ఎండ, బూడిదలోని పోషకాలు అన్నీ ఒకేసారి దొరుకుతాయి. 1988లో అమెరికాలోని ఎల్లోస్టోన్ పార్కులో మూడో వంతుకు పైగా ప్రాంతాన్ని మంటలు తాకాయి. ఎవరూ నాటకుండానే తర్వాతి ఏళ్లలో అక్కడ పైన్ మొక్కలు ఒత్తుగా లేచాయి.

యూకలిప్టస్ అయితే కాండం వెంట చూడండి, చాలా రకాల్లో బెరడు కింద దాగిన మొగ్గలు చిగురిస్తాయి. జెయింట్ సెకోయా అనే అమెరికా మహావృక్షానికి 60 సెంటీమీటర్ల దాకా మందమైన బెరడే రక్ష.

చచ్చిన చెట్లన్నీ కొట్టేసి వెంటనే మొక్కలు నాటాలని ఆరాటపడకండి, దయచేసి. ఆ మోడుల్లో గుడ్లు పెట్టడానికి మంట వేడిని పసిగట్టి వచ్చే పెంకుపురుగులు ఉన్నాయి, వాటి పిల్లల్ని తినడానికి వడ్రంగిపిట్టలు వస్తాయి. ఒకట్రెండేళ్లు ఆగి ఏం మొలుస్తుందో చూడండి.

ఇదంతా అన్ని అడవులకీ వర్తించదు. వర్షారణ్యాల్లో చాలా చెట్ల బెరడు పలచన, చిన్న మంటకే చచ్చిపోతాయి. మంటకి అలవాటుపడిన అడవిలో కూడా పిల్ల చెట్లు కాయలు కాసేలోపే మళ్లీ కాలితే మొలవడానికి గింజే ఉండదు. అందుకే నరికిన మొద్దు కనిపిస్తే పాత మంటల మచ్చలు వెతికి, రెండు మచ్చల మధ్య ఏడాదికొకటి చొప్పున ఏర్పడే వలయాలు ఎన్నో లెక్కపెట్టండి. అక్కడ మంట ఎన్నేళ్లకోసారి వచ్చేదో ఆ చెట్టే చెబుతుంది.