కార్ట్ ఎక్కకుండా గోల్ఫ్ కోర్సంతా నడిచి ఆడటం ఎలా

అమెరికాలోని చాలా పబ్లిక్ గోల్ఫ్ కోర్సుల్లో కౌంటర్ దగ్గర ఫీజు కట్టగానే కార్ట్ అనే చిన్న బండి తాళం చేతికి ఇస్తారు. ఉద్యోగరీత్యా అక్కడికి వెళ్లి ఆట నేర్చుకున్న తెలుగువారితో సహా ఎందరికో గోల్ఫ్ అంటే కార్టులో కూర్చుని ఆడే ఆటగానే అలవాటైంది. హైదరాబాదులో గోల్కొండ కోట పక్కన నయాఖిల్లాలోనో, విశాఖపట్నంలో ఈస్ట్ పాయింట్ క్లబ్బులోనో ఆడి వచ్చినవారికి నడక కొత్త కాదు గాని, అక్కడ బ్యాగు మోయడానికి క్యాడీ ఉంటాడు. అమెరికా పబ్లిక్ కోర్సులో క్యాడీ దొరకడం అరుదు కాబట్టి నడవాలనుకున్నవారు తమ బరువు తామే చూసుకోవాలి. ఇందుకు పహిల్వానులు కానక్కరలేదు. ఏ కోర్సును ఎంచుకున్నారు, ఎంత బరువు వెంట తీసుకువెళ్లారు, బ్యాగును ఎక్కడ దించారు అనే మూడు విషయాలు కుదిరితే, సాధారణ ఆరోగ్యం ఉన్న నడివయసు మనిషి 18 హోల్స్ (బంతిని వేయవలసిన గుంటలు, వాటి దాకా సాగే మైదానాలు) నడిచి, అలసట లేకుండా కాకపోయినా ఆయాసం లేకుండా ముగించగలడు.

ముందుగా దూరం సంగతి. స్కోర్‌కార్డు మీద ఉండే పొడవు మామూలుగా 6,000 నుంచి 7,000 గజాలు, అంటే ఐదున్నర నుంచి ఆరున్నర కిలోమీటర్ల లోపు. కాని గుంట ఉండే నున్నటి గడ్డి మైదానమైన గ్రీన్ నుంచి, తరువాతి హోల్‌కు తొలి షాట్ కొట్టే చోటైన టీ దాకా నడిచేది, పక్కకు పోయిన బంతి కోసం తిరిగేది ఆ లెక్కలోకి రావు. అవన్నీ కలుపుకుంటే 18 హోల్స్‌కు 8 నుంచి 10 కిలోమీటర్లు అవుతుంది. ఇదంతా నాలుగు గంటలకు పైగా సాగే సమయంలో, ప్రతి షాట్ దగ్గరా ఆగుతూ నడిచేది కాబట్టి వినడానికి అనిపించినంత కఠినం కాదు. గుండె జబ్బు గాని, మోకాళ్ల అరుగుదల గాని ఉన్నవారు మాత్రం వైద్యుడిని అడగకుండా మొదలుపెట్టకూడదు. నడవలేనివారు కార్ట్ వాడటం చిన్నతనమూ కాదు. కాలిలో రక్తప్రసరణ లోపంతో పుట్టిన కేసీ మార్టిన్ అనే ఆటగాడికి, అమెరికా వృత్తి గోల్ఫర్ల పీజీఏ టూర్ పోటీల్లో కార్ట్ వాడుకునే హక్కు ఉందని 2001లో అమెరికా సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల మెజారిటీతో తీర్పు చెప్పింది. ఈ మార్గదర్శిని నడవగలిగి ఉండి కూడా అలవాటు లేక నడవనివారి కోసం.

కోర్సు ఎంపికలో చాలామంది ఎత్తుపల్లాలనే చూస్తారు. నా దృష్టిలో అంతకన్నా ముఖ్యమైనది గ్రీన్‌కూ తరువాతి టీకీ మధ్య ఉన్న ఎడం. 1744లో ఎడిన్‌బరో దగ్గరి లీత్‌లో రాసిన తొలి గోల్ఫ్ నియమాల్లో మొదటిదే, ఆడిన గుంటకు ఒక క్లబ్ (బంతిని కొట్టే కర్ర) పొడవు దూరంలోనే తరువాతి హోల్ తొలి షాట్‌కు బంతిని ఉంచాలని చెబుతుంది. అంత దగ్గర ఇప్పుడు సాధ్యం కాదు గాని, కార్టులు వ్యాప్తిలోకి రాకముందు, అంటే 1950ల కంటే ముందు కట్టిన కోర్సుల్లో గ్రీన్ దిగితే టీ కనుచూపులోనే ఉంటుంది. ఇళ్ల స్థలాలు అమ్మడం కోసం కాలనీ మధ్యలో తీర్చిన కోర్సుల్లో ఒక గ్రీన్ నుంచి తరువాతి టీకి చేరడానికి రెండు మూడు వీధులు దాటవలసి రావచ్చు. అటువంటి చోట మైదానం ఎంత చదునుగా ఉన్నా నడక విసుగే. ఫీజు కట్టకముందే ఉపగ్రహ చిత్రం తెరిచి, ఒకటో గ్రీన్ నుంచి వరుసగా ప్రతి టీ ఎక్కడ ఉందో చూసుకుంటే సగం నిర్ణయం ఇంట్లోనే తేలిపోతుంది. అలా చూసేటప్పుడు తొమ్మిదో హోల్ క్లబ్‌హౌస్ దగ్గరకు తిరిగి వస్తుందో లేదో కూడా గమనించండి. మొదటిసారి నడిచేవారికి సగంలో ఆపి ఇంటికి వెళ్లే దారి ఉండటం గొప్ప ధైర్యం.

ఆ తరువాత కోర్సుకు ఫోన్ చేసి రెండు ప్రశ్నలు అడగాలి. నడిచేవారికి వేరే ధర ఉందా అన్నది మొదటిది, ఏ రోజుల్లో ఏ వేళల్లో నడకను అనుమతిస్తారన్నది రెండవది. కొన్ని చోట్ల కార్ట్ అద్దె ఫీజులోనే కలిసి ఉంటుంది కాబట్టి నడిచినా పైసా తగ్గదు. మరికొన్ని చోట్ల శని, ఆదివారాల్లో ఉదయం పూట కార్ట్ తప్పనిసరి. దీనికి పూర్తిగా విరుద్ధమైన కోర్సులూ ఉన్నాయి. ఆరెగాన్ తీరంలోని బ్యాండన్ డ్యూన్స్‌లో వైకల్యం ఉన్నవారికి తప్ప కార్ట్ ఇవ్వరు. న్యూయార్క్ లాంగ్ ఐలండ్‌లో రాష్ట్ర ప్రభుత్వ పార్కుగా నడిచే బెత్‌పేజ్‌లోని బ్లాక్ కోర్సులో అందరూ నడవవలసిందే. న్యూజెర్సీ, న్యూయార్క్ తెలుగువారికి బెత్‌పేజ్ దగ్గరే గాని, 2002, 2009 యూఎస్ ఓపెన్లు, 2025 రైడర్ కప్ వంటి పెద్ద పోటీలు జరిగిన ఆ బ్లాక్ కోర్సుతో నడక మొదలుపెట్టమని నేను ఎవరికీ చెప్పను. మంచి నైపుణ్యం ఉన్నవారు మాత్రమే ఆడండని మొదటి టీ దగ్గర బోర్డు పెట్టిన కోర్సు అది. అదే పార్కులో మరో నాలుగు కోర్సులు ఉన్నాయి.

ఇక బరువు. కార్టుకు కట్టే పెద్ద బ్యాగు ఖాళీగానే మూడు కిలోలు దాటుతుంది. కాళ్లు విచ్చుకుని నిలబడే స్టాండ్ బ్యాగు రెండు, రెండున్నర కిలోల్లో దొరుకుతుంది. పద్నాలుగు క్లబ్బుల బరువు ఐదారు కిలోలు. ఒక్కో బంతి 46 గ్రాములకు మించదు గాని, డజను బంతులు వేసుకుంటే అరకిలో పైమాట. లీటరు నీళ్లు ఒక కిలో. వీటికి గొడుగు, వానకోటు, కిందటి ఏడాది గెలుచుకున్న కప్పుతో పాటు ఇచ్చిన తువ్వాలు, ఎవరూ తెరవని పక్క అరలోని పాత గ్లవ్స్ కలిస్తే పదకొండు పన్నెండు కిలోలు సులువుగా తూగుతుంది. కాబట్టి నడకకు ముందు రోజు రాత్రి బ్యాగును నేల మీద పూర్తిగా బోర్లించి, రేపు తప్పక వాడతామనుకున్నవే తిరిగి సర్దాలి. ఐదారు బంతులు, తొలి షాట్‌కు బంతిని నిలిపే చిన్న పుల్లలు (వీటినీ టీలనే అంటారు) గుప్పెడు, ఒక గ్లవ్, చిన్న తువ్వాలు చాలు. నీళ్లు నింపుకునే చోటు కోర్సులో ఉంటే అరలీటరు సీసా సరిపోతుంది.

క్లబ్బుల విషయంలో నియమాలు పద్నాలుగుకు మించరాదని అంటాయే తప్ప, పద్నాలుగు ఉండి తీరాలని ఎక్కడా చెప్పవు. దూరం కొట్టే డ్రైవర్, ఒక హైబ్రిడ్, 5, 7, 9 ఐరన్లు (అంకె పెరిగేకొద్దీ దూరం తగ్గుతుంది), దగ్గరి షాట్లకు పిచింగ్ వెడ్జ్, ఇసుకలో కొట్టే శాండ్ వెడ్జ్, గ్రీన్ మీద బంతిని దొర్లించే పట్టర్, ఈ ఎనిమిదితో సగటు ఆటగాడి స్కోరు పెద్దగా చెడదు. 6 ఐరన్ దూరం వచ్చినప్పుడు 5 ఐరన్‌ను కాస్త కిందకు పట్టుకుని కొట్టడం అలవాటైతే ఆట మెరుగుపడే అవకాశమే ఎక్కువ. ఇలా తగ్గించిన బ్యాగు నీళ్లతో కలిపి ఏడు కిలోల లోపే ఉంటుంది.

భుజాన మోయాలా, మూడు చక్రాల పుష్ కార్ట్ తోసుకు వెళ్లాలా అన్నది వయసును బట్టి, వెన్నును బట్టి నిర్ణయించుకోవలసిన విషయం. నలభై దాటినవారికి, వెన్నునొప్పి చరిత్ర ఉన్నవారికి నేను నిస్సందేహంగా పుష్ కార్ట్‌నే సూచిస్తాను. వెనక్కి చేయి చాచి లాగే పాత రెండు చక్రాల బండి భుజాన్ని మెలితిప్పుతుంది కాబట్టి ముందుకు తోసేదే మేలు. హ్యాండిల్ మోచేతుల ఎత్తుకు కాస్త దిగువన ఉండేట్టు సర్దుకోవాలి. ఏటవాలులో నిలిపినప్పుడల్లా బ్రేకు వేయాలి, ముఖ్యంగా నీటి గుంట పక్కన. చక్రం నీటి వైపు కాక వాలుకు అడ్డంగా ఉండేట్టు నిలిపితే బ్రేకు జారినా బండి కదలదు. మోసేవారు రెండు పట్టీలున్న బ్యాగునే తీసుకుని, బరువు రెండు భుజాల మీదా సమంగా పడేట్టు, బ్యాగు నడుము దిగువన అడ్డంగా ఆనేట్టు పట్టీలు బిగించుకోవాలి. ఎత్తుకునేటప్పుడు నడుము కాక మోకాళ్లు వంచాలి. రౌండు మొత్తంలో బ్యాగును ముప్పై నలభై సార్లకు పైగా ఎత్తి దించుతాం కాబట్టి ఇది చిన్న విషయం కాదు.

నడిచి ఆడటంలో అసలు నేర్పంతా గ్రీన్ దగ్గర బయటపడుతుంది. కొత్తవారు బంతి ఉన్న చోటే బ్యాగు దించి, గ్రీన్ మీదకు చిప్ అనే చిన్న షాట్ కొట్టి, పట్టర్‌తో బంతిని గుంటలో వేసే పట్టింగ్ ముగించి, మళ్లీ వెనక్కి నడిచి బ్యాగు తీసుకుని, తిరిగి గ్రీన్ చుట్టూ తిరిగి తరువాతి టీకి వెళతారు. వెనక ఆడేవాళ్లు ఈ రాకపోకలన్నీ చూస్తూ నిలబడతారు. దీనికి బదులు గ్రీన్‌కు యాభై గజాల దూరంలో ఉండగానే తరువాతి టీ ఏ వైపున ఉందో కనిపెట్టి, బ్యాగును ఆ వైపు అంచున దించి, వెడ్జ్, పట్టర్ రెండూ చేతపట్టుకుని బంతి దగ్గరకు రావాలి. పట్టింగ్ అయ్యాక వెడ్జ్‌ను గడ్డిలో మరచిపోకుండా ఉండాలంటే దాన్ని జెండా కర్ర పక్కన గాని, మీరు దిగి వెళ్లే దారిలో గాని పెట్టండి. స్కోరు గ్రీన్ మీద రాయకూడదు, తరువాతి టీ దగ్గర రాసుకోవాలి. బంకర్ అనే ఇసుక గుంట విషయంలోనూ ఇదే పద్ధతి: బ్యాగును బయటకు వచ్చే వైపు ఉంచి, తక్కువ ఎత్తున్న అంచు నుంచి దిగి, ఇసుక చదును చేసుకుంటూ బయటపడాలి. బ్యాగును గాని, పుష్ కార్ట్‌ను గాని గ్రీన్ మీదకు, టీ గద్దె మీదకు తీసుకురాకూడదు.

కార్టులో వెళ్లేవారికన్నా నడిచేవారు ఆలస్యం చేస్తారన్నది పూర్తిగా నిజం కాదు. ఒకే కార్టులోని ఇద్దరి బంతులు ఫెయిర్‌వేకు (టీకీ గ్రీన్‌కూ మధ్య కత్తిరించిన గడ్డి దారి) చెరో పక్కన పడితే బండి ముందు ఒకరి దగ్గరకు, తరువాత మరొకరి దగ్గరకు వంకరటింకరగా తిరగాలి. నడిచే నలుగురూ ఎవరి బంతి దగ్గరకు వారు తిన్నగా వెళ్లిపోతారు. వాన పడి కార్టులను సిమెంటు బాట దాటనివ్వని రోజున ఈ తేడా మరీ స్పష్టం. బాట మీద బండి ఆపి, రెండు మూడు క్లబ్బులు పట్టుకుని అడ్డంగా నడిచేవాడు ఒక్కోసారి తప్పు క్లబ్ తెచ్చుకుని వెనక్కి పరుగెత్తుతాడు. నడిచేవాడి సంచి మొత్తం అతనితోనే ఉంటుంది. అయితే ఈ లాభం నిలబడాలంటే నడుస్తున్నప్పుడే ఆలోచన పూర్తి కావాలి. బంతి దిగిన చోటుకు సూటిగా ఒక చెట్టునో బంకర్‌నో గుర్తుపెట్టుకోవడం, దూరం, గాలి చూసుకుంటూ నడవడం, తమ వంతు వచ్చేసరికి క్లబ్ చేతిలో ఉండటం అవసరం. 2019 నుంచి అమల్లో ఉన్న నియమాల ప్రకారం బంతిని వెతకడానికి మూడు నిమిషాలే గడువు. వంతు వచ్చాక 40 సెకన్లలో షాట్ కొట్టాలని అవే నియమాలు సిఫారసు చేస్తాయి. సరదా ఆటలో దూరంగా ఉన్నవారే ముందు కొట్టాలన్న వరుసను పట్టుకుని వేలాడకుండా, ఎదురుగా ప్రమాదం లేనప్పుడు సిద్ధంగా ఉన్నవారు కొట్టేయడం మంచిది.

మీ జట్టులో ఇద్దరు నడిచి, ఇద్దరు కార్టులో వస్తుంటే మొదటి టీ దగ్గరే ఒక మాట అనుకోండి. టీ షాట్ కొట్టిన వెంటనే నడిచేవారు ముందు బయలుదేరాలి, కార్టువాళ్లు తీరిగ్గా వచ్చినా అందుకుంటారు. ఎడం ఎక్కువగా ఉన్న చోట వారు బ్యాగును ఎక్కించుకుంటామంటే సరదా ఆటలో మొహమాటపడనక్కరలేదు. పోటీలో మాత్రం కార్ట్ ఎక్కరాదన్న స్థానిక నియమం ఉందేమో ముందే చదువుకోవాలి.

బూట్లు కొత్తవైతే నడక రౌండుకు ముందు కొన్నాళ్లు ఇంటి చుట్టుపక్కల వాడి పాదానికి అలవాటు చేయాలి. ఉదయం మంచు గడ్డిలో సాక్సులు తడిస్తే ఐదో హోల్‌కే బొబ్బలు లేస్తాయి కాబట్టి పొడి జత ఒకటి బ్యాగులో ఉంచుకుని తొమ్మిది హోల్స్ తరువాత మార్చుకోవడం మేలు. దాహం వేసేదాకా ఆగకుండా ప్రతి టీ దగ్గరా రెండు గుక్కలు తాగండి. ఉప్పు, కాస్త పంచదార కలిపిన నిమ్మరసం దుకాణంలో కొనే పానీయాలకు ఏమాత్రం తీసిపోదు. అరటిపండు, పల్లీ పట్టీ తేలికగా మోయగలిగిన ఆహారం. క్లబ్‌హౌస్‌లో బర్గర్ తిని పదో టీ ఎక్కితే కాళ్లు కదలవు.

ఎత్తు ఎక్కవలసిన చోట వేగం పెంచకుండా, చిన్న అడుగులతో, వీలైతే ఏటవాలుగా ఎక్కాలి. పైకి చేరగానే క్లబ్ తీయవద్దు. బ్యాగు దించి, నాలుగైదు నిండు శ్వాసలు తీసుకుని, గుండె వేగం తగ్గాక మాత్రమే బంతి ముందు నిలబడండి. మిట్ట మీది గ్రీన్‌లో చిన్న పట్‌లు తప్పిపోవడానికి గ్రీన్ వాలు కన్నా ఆయాసమే తరచు కారణం.

మొదట తొమ్మిది హోల్స్‌తో, సాయంత్రపు తగ్గింపు ధర వేళల్లో ప్రారంభించి, మరునాడు మోకాళ్లు, పిక్కలు మామూలుగా ఉన్నాయనిపించిన తరువాతే పద్దెనిమిదికి వెళ్లండి. పద్నాలుగో హోల్ దాటాక షాట్లు కుడికి జారడం మొదలైతే అది కాళ్లు అలసిన గుర్తు కావచ్చు. అప్పుడు ఊపు బలం తగ్గించి, ఒక మెట్టు ఎక్కువ దూరం కొట్టే క్లబ్ తీసుకోవాలి.

టెక్సాస్, ఫ్లోరిడా వంటి చోట్ల వేసవిలో మధ్యాహ్నం నడవడం సాహసం కాదు, అవివేకం. తలనొప్పి, ఒళ్లు చల్లబడటం, చెమట ఆగిపోవడం కనిపిస్తే స్కోరు ఎలా ఉన్నా ఆట ఆపి నీడకు చేరి, ఫోన్ చేసి కార్ట్ పిలిపించుకోవాలి. ఉరుముల విషయంలో నడిచేవారు కార్టువాళ్లకన్నా ముందే కదలాలి, ఎందుకంటే నడిచి క్లబ్‌హౌస్‌కు చేరడానికి ఎక్కువ సమయం పడుతుంది. పిడుగు ప్రమాదం ఉందనిపిస్తే పోటీలోనైనా సరే ఆట ఆపే హక్కు ఆటగాడికి ఉంది, కోర్సు వారు మోగించే ఒకే సుదీర్ఘమైన సైరన్ కోసం ఎదురుచూడనక్కరలేదు. ఒంటరి చెట్టు కిందకు గాని, నాలుగు వైపులా తెరిచి ఉన్న చిన్న పాక కిందకు గాని వెళ్లకండి. బ్యాగును ఉన్న చోటే వదిలి, గొడుగు ముడిచి, దగ్గరలోని పక్కా భవనంలోకి గాని, తలుపులు మూసిన కారులోకి గాని చేరండి. చివరి ఉరుము వినబడి అరగంట గడిచిన తరువాతే బ్యాగు కోసం తిరిగి వెళ్లండి.