400 కోట్ల సంఖ్యల్లో లేనిదాన్ని 10 ఎంబీలో పట్టుకోవడం: నా అనుభవం

ఇంటర్వ్యూల్లో చాలామందికి ఎదురయ్యే ప్రశ్నే. ఫైల్లో 400 కోట్ల 32 బిట్ సంఖ్యలు (మైనస్‌వి లేవు, రిపీట్ కావచ్చు), అందులో లేని ఒక సంఖ్య చెప్పాలి, మెమరీ 10 ఎంబీ. హ్యాష్ సెట్, సార్టింగ్, 512 ఎంబీ బిట్‌మ్యాప్ (ఒక్కో సంఖ్యకు ఒక్కో బిట్, ఉంటే 1, లేకపోతే 0) అన్నీ చూశాను, ఏదీ 10 ఎంబీలో పట్టలేదు.

పనిచేసింది ఫైల్‌ని రెండుసార్లు చదవడం. ముందు 65,536 కౌంటర్ల అరే (వరుస) పెట్టుకున్నాను, ఒక్కో కౌంటర్ ఒక్కో గది అనుకోండి. ఒక్కోటి 4 బైట్లు, మొత్తం 256 కేబీ. ప్రతి సంఖ్యనూ 16 బిట్లు కుడికి జరిపితే వచ్చేదే దాని గది నంబరు, ఆ కౌంటర్‌కి ఒకటి కలపాలి. జావాలో రాసేవాళ్లు మూడు బాణాల షిఫ్టే (>>>) వాడండి. రెండు బాణాలదైతే (>>) పెద్ద సంఖ్యలకు ఇండెక్స్ మైనస్‌లోకి పోతుంది, అక్కడ టెన్షన్ తప్పదు.

సాధ్యమైన విలువలు 429 కోట్ల పైచిలుకు, ఫైల్లో ఉన్నవి 400 కోట్లే. ఒక్కో గదికి వచ్చే వేర్వేరు విలువలు 65,536. కాబట్టి ఏదో ఒక గదిలో లెక్క 65,536 కన్నా తగ్గి తీరాలి. రిపీట్లు ఉన్నా సరే. నాకు అసలు ముడి విడిపోయింది ఇక్కడే.

ఆ ఒక్క గది కోసం 8 కేబీ బిట్‌మ్యాప్ తీసుకుని ఫైల్ మళ్లీ మొదటి నుంచి చదివాను. పై 16 బిట్లు ఆ గదివైతేనే, కింది 16 బిట్లు చూపే చోట 1 పెట్టాను. చివరికి మొదటి సున్నా ఉన్న స్థానానికి గది నంబరు × 65,536 కలిపితే జవాబు.

ఫైల్ రెండోసారి చదవడానికి వీలుంటేనే ఇది కుదురుతుంది. డేటా స్ట్రీమ్‌లా ఒక్కసారే వచ్చి పోతే కుదరదు. లేని సంఖ్యలన్నీ కావాలన్నా ఇది చాలదు. 64 బిట్ సంఖ్యలైతే ఇవే గదులతో ఇంకొన్నిసార్లు చదవాలి, ఇంటర్వ్యూ చేసేవాళ్లు ఒప్పుకుంటారో లేదో ముందే అడగండి.