పాత పెట్రోలు పంపును ఉంచాలా, తీసేయాలా: ఇంధన వ్యవస్థ మార్చిన కార్లలో సమస్యలు, పరిష్కారాలు

అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని, కార్బురేటర్ (పెట్రోలును గాలితో కలిపి ఇంజన్‌కు అందించే భాగం) ఉన్న మారుతి 800 వంటి కార్లను ఇప్పటికీ శ్రద్ధగా నడుపుకుంటున్నవారికి ఏదో ఒక రోజున ఎలక్ట్రిక్ పెట్రోలు పంపు బిగించుకోవాలన్న ఆలోచన వస్తుంది. వారాల తరబడి కదలని బండికి చాలాసేపు సెల్ఫ్ కొట్టాల్సి రావడం, ఎండాకాలంలో ట్రాఫిక్‌లో ఆగినప్పుడు ఎయిర్ లాక్ అయి, అంటే పైపులో పెట్రోలు వేడికి ఆవిరై దారికి అడ్డుపడి, బండి మొరాయించడం, పాత పంపుకు మంచి డయాఫ్రం (కిందికీ పైకీ కదులుతూ పెట్రోలును లాగే పలుచని పొర) దొరకకపోవడం ఇందుకు సాధారణ కారణాలు. కొత్త పంపు బిగించడం ఒక పూట పని. ఇంజన్ పక్కన ఉండి ఇంజన్ కదలికతోనే నడిచే పాత పంపును, అంటే మెకానికులు ఏసీ పంపు అని పిలిచేదాన్ని, ఏం చేయాలన్నదే అసలు ప్రశ్న. కొత్తది ఆగిపోతే పాతది ఆదుకుంటుందనీ, ఉంటే నష్టమేమీ లేదనీ షెడ్లలో తరచూ చెబుతారు. ఆ మాట మీద నేను మా అంబాసిడర్‌లో పాత పంపును కొన్ని నెలలు అలాగే ఉంచాను. కింద మొదట చెప్పిన సమస్య ఆ నెలల్లో వచ్చినదే.

ఇంధన వ్యవస్థలో ఏ పాత భాగాన్నైనా రెండు ప్రశ్నలతో పరీక్షించాలి. పెట్రోలు ఇంకా దాని గుండా పోతోందా? ఇంజన్ ఇంకా దాన్ని కదిలిస్తోందా? ఈ రెండింటిలో ఏ ఒక్కదానికి అవునన్న జవాబు వచ్చినా, ఆ భాగం వల్ల ఇప్పుడు ఉపయోగమేదీ లేకపోతే దాన్ని తీసేయాలి. ఉపయోగం ఉంటే, ఎంత పాతదైనా సరే, బాగు చేయించి ఉంచాలి. ఈ పరీక్షలో ఏసీ పంపు తేలికగా తప్పుతుంది. మిగులు పెట్రోలును ట్యాంకుకు తిప్పి పంపే రిటర్న్ పైపు, ట్యాంకులోకి గాలి వచ్చే దారి అయిన వెంట్ మాత్రం నెగ్గుతాయి, అయినా జనం తొందరపడి పీకేసేది వాటినే.

ఏ పని మొదలుపెట్టినా ఇంజన్ పూర్తిగా చల్లారాకే, బ్యాటరీ నెగటివ్ వైరు ఊడదీసి, గాలి ఆడే చోట, మంటలార్పే సిలిండరు చేతికి అందేలా పెట్టుకుని చేయాలి.

సమస్య: ఇంజన్ ఆయిల్ మట్టం పెరుగుతోంది, ఆయిల్ పెట్రోలు వాసన వేస్తోంది

ఆయిల్ తగ్గితే అందరూ కంగారు పడతారు గాని, పెరిగితే చాలామంది పట్టించుకోరు. డిప్‌స్టిక్ మీద మట్టం పైగీతను దాటి, ఆయిల్ నీళ్లలా పలచబడి, పెట్రోలు వాసన వేస్తే ఆ క్షణం నుంచి బండిని స్టార్ట్ చేయకూడదు. పలచబడిన ఆయిల్ బేరింగుల మధ్య పొరగా నిలవదు. పైగా ఇంజన్ అడుగున ఆయిల్ ఉండే క్రాంక్‌కేసులో చేరిన పెట్రోలు ఆవిరి అంటుకునే ప్రమాదం కూడా ఉంటుంది.

ఇలా ఎందుకు జరుగుతుందో తెలియాలంటే ఏసీ పంపు పనితీరు తెలియాలి. క్యామ్‌షాఫ్ట్ మీద ఉన్న ఎత్తు భాగం పంపు మీటను నెడుతుంది, మీట డయాఫ్రాన్ని కిందికి లాగుతుంది, అప్పుడు ట్యాంకు నుంచి పెట్రోలు లోపలికి వస్తుంది. దాన్ని కార్బురేటర్ వైపు తోసేది మీట కాదు, డయాఫ్రం కింద ఉన్న స్ప్రింగు. డయాఫ్రానికి ఒకవైపు పెట్రోలు, మరోవైపు ఇంజన్ లోపలి ఆయిల్ ఆవిరి ఉంటాయి కాబట్టి, అది చిరిగితే పెట్రోలుకు నేరుగా క్రాంక్‌కేసులోకి దారి దొరుకుతుంది. కొన్ని పంపుల బాడీకి చిన్న రంధ్రం ఉండి, కారిన పెట్రోలు బయటికి పోయేలా చేస్తుంది, కానీ ఏళ్ల తరబడి పేరుకున్న మడ్డి ఆ రంధ్రాన్ని పూడ్చేసి ఉండవచ్చు.

పాత పంపు ఒంటరిగా పనిచేస్తున్నంత కాలం ఈ చిరుగు బయటపడే అవకాశం ఎక్కువ. చిరిగిన డయాఫ్రం పెట్రోలును సరిగ్గా లాగలేదు కాబట్టి బండి తరచూ మొరాయించి హెచ్చరిస్తుంది. దానికి వెనకాల ఎలక్ట్రిక్ పంపు చేరాక ఆ హెచ్చరిక పోతుంది. డయాఫ్రం చిరిగినా కార్బురేటర్‌కు పెట్రోలు అందుతూనే ఉంటుంది, బండి హాయిగా నడుస్తూనే ఉంటుంది, చిరుగు గుండా పెట్రోలు ఆయిల్‌లో కలుస్తూనే ఉంటుంది. ఇగ్నిషన్ తాళం ఆన్‌లో వదిలేస్తే ఇంజన్ తిరగకపోయినా కలుస్తుంది. పాత పంపు చెడిపోయిన సంగతిని కొత్త పంపు దాచిపెడుతుందన్న ఈ ఒక్క కారణం చాలు, దాన్ని తీసేయమని నేను గట్టిగా చెప్పడానికి.

అయితే తప్పు పూర్తిగా పాత పంపుదేనని ముందే తీర్మానించకూడదు. కార్బురేటర్‌లోకి పెట్రోలు రాకను ఆపే నీడిల్ వాల్వు సరిగ్గా మూసుకోకపోయినా, పొంగిన పెట్రోలు సిలిండర్లలోకి దిగి రింగుల పక్క నుంచి ఆయిల్‌లో చేరుతుంది. తేడా కనిపెట్టడానికి ముందుగా ఆయిల్, ఆయిల్ ఫిల్టరు రెండూ మార్చి, ఎలక్ట్రిక్ పంపు పైపును పాత పంపుతో సంబంధం లేకుండా నేరుగా కార్బురేటర్‌కు కలిపి, పాత పంపు రెండు మూతులనూ తాత్కాలికంగా బిగువుగా మూసి, కొన్ని రోజులు దగ్గరి దూరాలకు మాత్రమే తిప్పుతూ ప్రతి ఉదయం డిప్‌స్టిక్ చూడాలి. మట్టం కదలకపోతే దోషం డయాఫ్రానిది. మళ్లీ పెరిగితే ఆపేసి కార్బురేటర్ విప్పాలి. మా బండిలో మట్టం కదలలేదు. తర్వాత పంపు విప్పి చూస్తే డయాఫ్రం అంచున గోరంత చిరుగు కనిపించింది.

ఆదుకుంటుందన్న వాదన గురించి కూడా ఒక మాట చెప్పాలి. ఆగిపోయిన ఎలక్ట్రిక్ పంపుల్లో కొన్ని రకాలు పెట్రోలును తమ గుండా పోనివ్వవు. పోనివ్వని రకమైతే పాత పంపు ఎంత లాగినా చుక్క రాదు. దారిలో ఆదుకోవడానికి ఏదైనా ఉండాలనుకుంటే, బాగు చేయించిన ఏసీ పంపును కొత్త ప్యాకింగుతో సహా డిక్కీలో ఉంచుకోవడం మేలు.

సమస్య: పాత పంపు తీసిన చోట ఇంజన్ ఆయిల్ కారుతోంది

తీసేయాలని నిర్ణయించుకున్నాక సగం పని చేసి వదిలేయడం వల్ల వచ్చే సమస్య ఇది. పంపు ఉన్న రంధ్రాన్ని పలుచని రేకుతో మూస్తే, బోల్టు బిగించిన చోట రేకు వంగి, మధ్యలో లేచి, ప్యాకింగు మీద ఒత్తిడి సమంగా పడదు. కనీసం 5 మిల్లీమీటర్ల మందం ఉన్న చదునైన ప్లేటు, దానికి సరిపడే కొత్త ప్యాకింగు కావాలి. ప్లేటు మందంగానే ఉన్నా కారుతుంటే బోల్టులను చూడండి. పంపు అంచు మందానికీ, దాని కింద ఉండే వేడి ఆపే దిమ్మ మందానికీ సరిపోయేలా పెట్టిన పొడవాటి బోల్టులు, అవి రెండూ పోయాక రంధ్రం అడుగును తాకి ఆగిపోతాయి. చేతికి బిగిసినట్టే అనిపిస్తాయి గాని ప్లేటును నొక్కవు. పొట్టి బోల్టులు వేస్తే కారడం ఆగుతుంది.

కొన్ని ఇంజన్లలో క్యామ్‌కూ పంపు మీటకూ మధ్య చిన్న కడ్డీ ఉంటుంది. పంపు తీసేటప్పుడు దాన్ని తప్పకుండా బయటికి తీయాలి, లోపల వదులుగా మిగిలిపోకూడదు.

సమస్య: కార్బురేటర్ పొంగుతోంది, సైలెన్సర్ నల్లటి పొగ వదులుతోంది

దీనికి కారణం దాదాపు ఎప్పుడూ కొత్త పంపే. పాత పంపు ఇచ్చే ఒత్తిడి కొద్ది పీఎస్‌ఐలు (పీఎస్‌ఐ, బార్ అనేవి ఒత్తిడి కొలతలు) మాత్రమే ఉంటుంది. కార్బురేటర్ నీడిల్ వాల్వు 3, 4 పీఎస్‌ఐ వరకు తట్టుకునేలా తయారవుతుంది. కార్బురేటర్ లేకుండా ఇంజెక్టర్లతో పెట్రోలును చిమ్మే ఎంపీఎఫ్‌ఐ కార్ల పంపు ఇచ్చేది సుమారు 3 బార్, అంటే 43 పీఎస్‌ఐకి పైమాట. చవకగా దొరికిందని అలాంటి పంపును కార్బురేటర్ బండికి తగిలిస్తే, కార్బురేటర్‌లో పెట్రోలు మీద తేలే ఫ్లోటు ఎంత పైకి లేచినా వాల్వును మూసి ఉంచలేదు. బ్రిటిష్ కంపెనీ బీఎంసీ రూపొందించిన పాత ఇంజన్ ఉన్న అంబాసిడర్‌లో కార్బురేటరూ, ఎర్రగా కాలే ఎగ్జాస్ట్ మానిఫోల్డూ ఇంజన్‌కు ఒకే వైపున ఉంటాయి. పొంగిన పెట్రోలు పడేది దాని మీదే కాబట్టి, ఈ సమస్య కనిపించిన బండిని షెడ్డు దాకా కూడా నడపకూడదు.

పరిష్కారం, కార్బురేటర్ కోసమే చేసిన తక్కువ ఒత్తిడి పంపు వేయడం. ఉన్న పంపు ఒత్తిడి కొంచెం మాత్రమే ఎక్కువైతే ప్రెషర్ రెగ్యులేటర్ పెట్టి, గేజితో కొలిచి సరిచేయవచ్చు. ఇక్కడే రిటర్న్ పైపు సంగతి వస్తుంది. ఇకపై దీనితో పనిలేదనుకుని దానికి బిరడా కొట్టిన బండ్లలో, మిగులు పెట్రోలు ట్యాంకుకు తిరిగి వెళ్లే దారి లేక ఒత్తిడి పెరుగుతుంది, వేడెక్కిన పెట్రోలు ఇంజన్ దగ్గరే నిలిచిపోయి ఎయిర్ లాక్ కూడా వస్తుంది. కంపెనీ రిటర్న్ పైపు ఇచ్చిన బండిలో దాన్ని ఉంచాలి.

సమస్య: ఊళ్లో బాగానే ఉంటుంది, హైవే మీద కొంతసేపటికి శక్తి పడిపోతుంది

కాసేపు ఆపితే మళ్లీ మామూలుగా నడిచే బండిలో మొదట చూడవలసింది ట్యాంకు మూత. శక్తి పడిపోయిన వెంటనే సురక్షితమైన చోట ఆపి మూత తెరవండి. గాలి లోపలికి దూసుకుపోతున్న చప్పుడు వచ్చి, వెంటనే బండి కోలుకుంటే వెంట్ మూసుకుపోయిందని అర్థం. వెంట్ పైపునూ, ఉంటే పెట్రోలు ఆవిరిని పట్టి ఉంచే చార్‌కోల్ క్యానిస్టర్‌నూ పనికిరానివని తీసేసి, వాటి మూతులు మూసేసిన బండ్లలో ఇది తప్పదు.

చప్పుడు రాకపోతే, కొత్త పంపు ఎక్కడుందో చూడాలి. ఎలక్ట్రిక్ పంపు తోయడంలో బలమైనది, లాగడంలో బలహీనమైనది. వైరింగు సులువని దాన్ని ఇంజన్ దగ్గర బిగిస్తే, ట్యాంకు నుంచి అంత దూరం పెట్రోలును లాగాల్సి వస్తుంది. లాగేటప్పుడు పైపులో ఒత్తిడి తగ్గి, వేడికి పెట్రోలు ఆవిరవుతుంది. పాత పంపు కూడా ఆ దారిలోనే ఉంటే దాని రెండు వాల్వులు అదనపు అడ్డు. పంపును ట్యాంకు పక్కన, ట్యాంకు అడుగు మట్టానికి దగ్గరగా మార్చి, దానికి ముందు ఒక ఫిల్టరు పెట్టాలి. ఎంపీఎఫ్‌ఐ కార్లలో ట్యాంకు లోపలి పంపు కాలిపోతే దాన్ని అలాగే ఉంచి బయట మరొకటి తగిలించినవారికి కూడా ఇదే గతి పడుతుంది. చచ్చిన పంపు గుండా లాగలేక కొత్తది మూలుగుతూ త్వరగా పాడవుతుంది.

సమస్య: ఎక్కడా కారుతున్నట్టు కనిపించదు, బండి చుట్టూ పెట్రోలు వాసన

పంపు మార్చి పైపులు మార్చని బండ్లలో ఇది ఎక్కువ. మన దేశంలో 2023 నుంచి 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు బంకుల్లోకి రావడం మొదలైంది. పాత కార్ల రబ్బరు పైపులనూ ప్యాకింగులనూ ఆ పెట్రోలును దృష్టిలో పెట్టుకుని చేయలేదు. ఇథనాల్ వాటిని ఉబ్బించి, మెత్తబరచి, ఆ తర్వాత పగిలేలా చేస్తుంది. ట్యాంకులో పేరుకున్న మడ్డిని కూడా కదిలిస్తుంది కాబట్టి మొదటి కొన్ని ట్యాంకుల పెట్రోలుకు ఫిల్టరు త్వరగా నిండుతుంది. లాగే పైపులో సన్నని పగులుంటే గాలి చొరబడేది. అదే పైపు ఇప్పుడు తోసే వైపుకు మారితే పెట్రోలు బయటికి చెమ్మగిల్లుతుంది. అందువల్ల రబ్బరు పైపుల విషయంలో పాతవి ఉంచాలా అన్న చర్చ నాకు అనవసరం. ఇథనాల్‌ను తట్టుకునే ఫ్లోరో రబ్బరు లోపలి పొర ఉన్న పైపులతో, వాటికి తగిన కొత్త క్లాంపులతో అన్నింటినీ మార్చాలి. ట్యాంకు నుంచి ముందుకు వచ్చే ఇనుప పైపు లోపల తుప్పు లేకుండా ఉంటే దాన్ని ఉంచుకోవచ్చు.

తీసేశాక రెండు పనులు

ఏసీ పంపుకు ఒక గొప్ప గుణం ఉంది. ఇంజన్ ఆగితే అదీ ఆగుతుంది. దాని పనిని ఎలక్ట్రిక్ పంపుకు అప్పగించినప్పుడు ఆ రక్షణ పోతుంది. ప్రమాదంలో పైపు తెగినా, ఇగ్నిషన్ ఆన్‌లో ఉన్నంతసేపు ఎలక్ట్రిక్ పంపు పెట్రోలును తోస్తూనే ఉంటుంది. కాబట్టి ఆయిల్ ప్రెషర్ స్విచ్చి ద్వారా గాని, ఇంజన్ తిరిగితేనే కరెంటు ఇచ్చే రిలే ద్వారా గాని పంపును కలిపి, సరైన ఫ్యూజు వేసి, బండి గుద్దుకున్నప్పుడు కరెంటు తెంచే ఇనర్షియా స్విచ్చిని కూడా పెట్టించాలి. ఈ వైరింగు లేకుండా పాత పంపును తీయవద్దని నా సలహా.

తీసిన భాగాలను తుక్కుకు వేయకండి. 50 ఏళ్లు దాటి, అసలు రూపంలోనే ఉండి, పెద్ద మార్పులు చేయని ద్విచక్ర, నాలుగు చక్రాల వాహనాలను వింటేజ్ వాహనాలుగా గుర్తించే నిబంధనలు 2021లో వచ్చాయి. 1970ల నాటి అంబాసిడర్లు, పద్మినిలు ఇప్పుడు ఆ వయసుకు చేరుతున్నాయి. పంపును కడిగి, ఆరబెట్టి, మూతులు మూసి, దాని బోల్టులు, దిమ్మ, కడ్డీతో కలిపి ఒక డబ్బాలో పెట్టి, తీసిన తేదీనీ అప్పటి కిలోమీటర్లనూ మూత మీద రాసి ఉంచండి.